తూకం మారలేదు, కండ కరిగింది: డయాలసిస్‌లో పడిపోయే బీపీ, ఇంట్లో పెరిగే బీపీ

ఆవిడకు 64 ఏళ్ళు. కోనసీమలో ఒక పల్లె. షుగర్ వచ్చి ఇరవై ఏళ్ళు, డయాలసిస్ మొదలై మూడేళ్ళు. ఎడమ చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం), మంగళ, గురు, శనివారాల్లో నాలుగేసి గంటలు. మూత్రం దాదాపు రాదు. అంతవరకూ వేరే ఊళ్ళో చేయించుకుని, కొడుక్కి బదిలీ కావడంతో మా సెంటర్‌కు మారారు. వెంట తెచ్చిన ఫైలు అట్ట మీద స్కెచ్ పెన్‌తో పెద్ద అక్షరాల్లో ‘డ్రై వెయిట్ 54’ అని రాసి ఉంది. అదనపు నీరంతా తీసేశాక మనిషి ఉండాల్సిన బరువు అది, కిలోల్లో. (గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. రాయడానికి ఆవిడా, కుటుంబమూ ఒప్పుకున్నారు.)

వచ్చిన ఫిర్యాదులు రెండు. ఒకటి, మెషిన్ మీద మూడో గంటలో బీపీ పడిపోతోంది. రెండోది, ఇంట్లో బీపీ ఎంతకీ దిగడం లేదు. ఒకే మనిషికి రెండూ ఎలా ఉంటాయని కోడలు అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ కేసంతా.

రోజూ వేసుకునే బీపీ మందులు: ఆమ్లోడిపిన్ 10, టెల్మిసార్టన్ 40, కార్వెడిలాల్ 12.5 రెండు పూటలా, ఈమధ్యే కలిపిన ప్రాజోసిన్ 5. ఇవి కాక పొద్దున 18 యూనిట్లు, రాత్రి 10 యూనిట్లు మిక్స్‌డ్ ఇన్సులిన్. డయాలసిస్ రోజు ‘మళ్ళీ మర్చిపోతాం’ అని పొద్దున్న మందులతో పాటు రాత్రివి కూడా కలిపి ఆటో ఎక్కేముందే వేసేస్తున్నారు. మన దగ్గర ఇది చాలా ఇళ్ళలో జరిగేదే. అడగకపోతే ఎవరూ చెప్పరు.

మొదటి రెండు వారాల చార్టు

వెంటనే ఏదీ మార్చకుండా ముందు గమనించాం. మెషిన్ ఎక్కేముందు బీపీ 172/84 చుట్టుపక్కల. బరువు 57 కిలోల దగ్గర, అంటే ప్రతిసారీ మూడు కిలోల నీరు తీయాలి. రెండు గంటలు బాగానే ఉంటారు. ఆ తర్వాత ఆవలింతలు మొదలవుతాయి. మా టెక్నీషియన్లు దీన్ని బాగా గుర్తుపడతారు. మిషన్ అలారం కొట్టక ముందే, పేషెంటు వరసగా రెండు మూడు సార్లు ఆవలించిందంటే బీపీ చూస్తారు. మూడో గంట దాటేసరికి 92/50, నుదుటి మీద చెమట, పిక్కలు పట్టేయడం. యూఎఫ్ (నీరు తీయడం) ఆపడం, కాళ్ళు ఎత్తి పెట్టడం, రెండొందల ఎంఎల్ సెలైన్ ఎక్కించడం, అరగంట తర్వాత మళ్ళీ నీరు తీయడం. ఇలా ఆరింట నాలుగు సెషన్లలో జరిగింది.

దిగాక పడుకున్నప్పుడు 118/60. చార్టులో అందరూ రాసేది ఈ అంకే. మంచం అంచున కూర్చోబెట్టి, తర్వాత నిలబెట్టి మూడు నిమిషాల్లోపు మళ్ళీ చూస్తే 90/54. నిలబడితే పై అంకె 20, కింది అంకె 10 పడినా ఎక్కువే అంటాం. ఇక్కడ పై అంకె 28 పడింది. గడచిన ఏడాదిలో ఆవిడ రెండుసార్లు పడ్డారు, రెండుసార్లూ డయాలసిస్ అయిన సాయంత్రమే, ఒకసారి బాత్‌రూమ్ గడప దగ్గర. నడుం ఎముక విరగకపోవడం అదృష్టం.

ఇంట్లో డిజిటల్ మిషన్‌తో, డయాలసిస్ లేని రోజుల్లో ఉదయం సాయంత్రం చూసి రాయమన్నాం. 160 నుంచి 170 మధ్య వచ్చింది. అంతకుముందు ప్రాజోసిన్ కలిపింది ఇలాంటి అంకెలు చూసే.

ఒక విషయం పక్కన పెట్టకూడదు. సన్నబడ్డ చేతికి మామూలు కఫ్ పెద్దదైపోతే బీపీ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఆవిడ జబ్బ చుట్టుకొలత 21 సెంటీమీటర్లు. చిన్న కఫ్ తెప్పించి చూస్తే అంకెలు కాస్త పెరిగాయి. అయినా పడిపోవడం మాత్రం నిజమే.

ఇంకొకటి. ఒక గురువారం చెమటలు పట్టి, మాట తడబడింది. బీపీ 108. సెలైన్ బాటిల్ చేతిలోకి తీసుకున్న సిస్టర్ ఎందుకో గ్లూకోమీటర్ కూడా తీసింది. షుగర్ 58. కిడ్నీలు ఆగిపోయాక ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, తిండి తగ్గితే డోసు తగ్గించాలి. ‘బీపీ డౌన్’ అని రాసేసే సంఘటనల్లో కొన్ని ఇవే. అప్పట్నుంచి ఆవిడకు బీపీ చూసినప్పుడల్లా షుగర్ కూడా చూడమని చార్టు మీద రాశాం.

‘క్రియాటినిన్ తగ్గిందండి, మంచిదేనా?’

కోడలు ఫైలు చాలా శ్రద్ధగా పెట్టుకుంది. రిపోర్టులన్నీ తేదీల వరసలో. రెండో వారం నా ముందు పరిచి, "ఏడాది కింద క్రియాటినిన్ 8.9 ఉండేదండి, ఇప్పుడు 5.6. కిడ్నీలు కాస్త పనిచేస్తున్నట్టేనా అండి?" అంది. ఆవిడ పక్కనే కూర్చుని ఆశగా చూస్తున్నారు.

డయాలసిస్ చేయించుకునే మనిషికి, మూత్రం రానప్పుడు, క్రియాటినిన్ ఇలా దిగడం మంచి కబురు కాదు. అది కండరాల నుంచి రక్తంలోకి వచ్చే వ్యర్థం. డయాలసిస్ డోసు మారకుండా క్రియాటినిన్ ఏడాదిలో మూడోవంతు తగ్గిందంటే కండ కరిగిపోయిందని. అదే రిపోర్టులో మిగతా అంకెలూ అటే చూపిస్తున్నాయి. రక్తంలోని ప్రోటీన్ ఆల్బుమిన్ 3.0, తక్కువే. ఫాస్ఫరస్ తగ్గించే బిళ్ళలేమీ వాడకుండానే ఫాస్ఫరస్ 3.1. డయాలసిస్‌లో మూడేళ్ళు ఉన్నవాళ్ళకి ఫాస్ఫరస్ అంత అణిగి ఉంటే సంతోషించే ముందు ఏం తింటున్నారో అడగాలి. ఒక డయాలసిస్‌లో రక్తంలోని యూరియా ఎంత తగ్గిందో చెప్పే యూరియా రిడక్షన్ 72 శాతం. చూడ్డానికి బ్రహ్మాండం, కానీ మనిషి చిన్నదైపోతే ఆ శాతం దానంతటదే బాగుంటుంది.

మరి కండ అంత కరిగితే బరువు తగ్గాలి కదా? తూకం ఏడాదిగా 54 దగ్గరే నిలబడి ఉంది. అసలు విషయం ఇక్కడే ఉంది. పోయిన కండ స్థానంలో నీరు చేరింది. అందుకే తూకం కదల్లేదు, ఫైలు మీది అంకె మారలేదు. కాళ్ళకు వాపు కూడా పెద్దగా లేదు. ఊపిరితిత్తుల అల్ట్రాసౌండ్ చేస్తే మాత్రం, డయాలసిస్ దిగాక కూడా, రెండు వైపులా నీటి గీతలు కనిపించాయి. ఎకోలో గుండె గోడలు మందంగా, ఎడమ పై గది పెద్దదిగా ఉంది, పంపింగ్ 58 శాతం, అది మామూలే. గుండె చుట్టూ నీరు లేదు, కవాటాలు బాగానే ఉన్నాయి. ఇన్ఫెక్షన్, రక్తస్రావం లాంటివీ వెతికి లేవని తేల్చుకున్నాం.

"మీకెప్పుడైనా సన్నబడ్డట్టు అనిపించిందా అమ్మా?" అని అడిగితే ఆవిడ ఏమీ అనలేదు. కుడి చేయి ఎత్తారు, గాజులు ముంజేతి నుంచి మోచేతి దాకా జారాయి. "ఇయ్యి సబ్బు రాస్తే గానీ ఎక్కేవి కాదు బాబూ" అన్నారు. తూకం మెషిన్ ఏడాదిగా చెప్పనిది ఆ గాజులు చెప్పాయి.

బలం కొలవడం

ఫ్రెయిల్టీ అంటే ముసలితనమో నీరసమో కాదు. శరీరంలో దాచిపెట్టిన శక్తి అయిపోయి, చిన్న దెబ్బకే కుప్పకూలే స్థితి. దాన్ని కొలవడానికి 2001లో లిండా ఫ్రీడ్ బృందం ఇచ్చిన ఐదు గుర్తులు ఇప్పటికీ వాడుతున్నాం. అనుకోకుండా బరువు తగ్గడం, అలసట, పిడికిలి బలం తగ్గడం, నడక నెమ్మదించడం, కదలిక తగ్గడం. మూడు ఉంటే ఫ్రెయిల్ అంటాం. 2013లో అమెరికాలో డయాలసిస్ పేషెంట్ల మీద వచ్చిన ఒక అధ్యయనంలో దాదాపు 42 శాతం మంది ఫ్రెయిల్‌గా తేలారు. వాళ్ళందరూ ముసలివాళ్ళు కారు.

ఫిస్టులా లేని చేత్తో పిడికిలి బలం 11 కిలోలు. మన ఆసియా ఆడవాళ్ళకు 18 కంటే తక్కువైతే తక్కువ కిందే లెక్క. నాలుగు మీటర్లు నడవడానికి ఏడు సెకన్లు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఐదుసార్లు లేవమంటే రెండోసారికే ఆగిపోయారు. ఇంట్లో పని మానేసి చాలాకాలమైంది. డయాలసిస్ అయ్యాక తేరుకోవడానికి ఎంతసేపు పడుతుందంటే, "మర్నాడు మధ్యాన్నం దాకా లేవలేనండి, లేచేసరికి మళ్ళీ ఆ పైరోజు మీ దగ్గరికే" అన్నారు. ఐదింట నాలుగు. బరువు ఒక్కటే లెక్కకు అందలేదు, ఎందుకో పైన చెప్పాను. అలసట ఎంతసేపు ఉంటోందన్న ఈ ఒక్క ప్రశ్నకి ఖర్చు లేదు, యంత్రం అక్కర్లేదు. ప్రతి సెంటర్లో నెలకోసారి అడగాలని నా అభిప్రాయం.

ఈ కొలతలన్నీ డయాలసిస్ ఎక్కేముందు చేయాలి. దిగాక చేస్తే ఎవరైనా ఫ్రెయిల్‌గానే కనిపిస్తారు.

పైకీ కిందకీ ఎందుకు ఊగుతోంది

మెషిన్ నీటిని రక్తంలోంచి లాగుతుంది. ఒంట్లో మిగతా చోట్ల ఉన్న నీరు రక్తంలోకి ఊరాలి. బావిలో తోడే వేగం ఊట కంటే ఎక్కువైతే చేద అడుగు తాకినట్టే, ఇక్కడ బీపీ పడుతుంది. ఆవిడ లెక్క చూడండి. మూడు లీటర్లు, నాలుగు గంటలు, 54 కిలోలు. గంటకు కిలోకు దాదాపు 14 ఎంఎల్. 2011లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణలో గంటకు కిలోకు 13 ఎంఎల్ దాటి నీరు తీసినవాళ్ళలో మరణాలు, ముఖ్యంగా గుండె మరణాలు, ఎక్కువగా కనిపించాయి. పైగా ఆ 54లో కొన్ని కిలోలు నీరే. అసలు ఒంటి లెక్కన తీస్తే ఇంకా ఎక్కువ.

నీటిని రక్తంలోకి లాగే ఆల్బుమిన్ తక్కువ కాబట్టి ఊట నెమ్మది. ఇరవై ఏళ్ళ షుగర్ నరాలను దెబ్బతీసింది కాబట్టి, బీపీ పడుతున్నప్పుడు గుండె వేగం పెంచి రక్తనాళాలను బిగించాల్సిన ఏర్పాటు సరిగా పనిచేయదు. ఆవిడ బీపీ 92కి పడినప్పుడు కూడా నాడి 74 దాటలేదు. దాని మీద గుండె వేగం పెరగనివ్వని కార్వెడిలాల్ ఒకటి. రక్తనాళాలు బిగుసుకోవడానికి వీల్లేకుండా ప్రాజోసిన్, ఆమ్లోడిపిన్. ఇవన్నీ పొద్దున ఆరింటికే కడుపులో పడ్డాయి. పిక్కల్లో కండ ఉంటే రక్తాన్ని పైకి తోసేది, అదీ లేదు. మూడో గంట మొదట్లో కోడలు తెచ్చిన ఇడ్లీ తినిపిస్తున్నారు, రక్తం కడుపు వైపు మళ్ళుతుంది. ఒక్కొక్కటీ చిన్నదే. ఫ్రెయిల్ మనిషిలో అన్నీ ఒకే గంటలో కలుస్తాయి.

ఇంట్లో పెరగడానికి కారణం తీయకుండా మిగిలిన నీరు. బీపీ పడిన ప్రతిసారీ యూఎఫ్ ఆపి, సెలైన్ ఎక్కించి పంపుతున్నాం కాబట్టి నీరు ఇంకా మిగులుతోంది. సెలైన్‌లోని ఉప్పుతో దాహం, దాహంతో నీళ్ళు, వచ్చేసారి మళ్ళీ మూడు కిలోలు. ఇంటి అంకె చూసి ఒక బిళ్ళ కలిపితే మెషిన్ మీద ఇంకాస్త ముందే పడుతుంది. కోడలి ప్రశ్నకు జవాబు ఇదే. రెండు బీపీలూ ఒకే మూలం నుంచి వస్తున్నాయి.

ఇలా పడిపోవడాన్ని తాత్కాలికమైన ఇబ్బందిగా తీసేయకూడదు. పడిన ప్రతిసారీ గుండె కండరం కొన్ని చోట్ల మొద్దుబారుతుంది, పేగుకీ మెదడుకీ రక్తం తగ్గుతుంది, ఫిస్టులా గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. ఆ రోజంతా మంచం మీదే ఉంటే కండ ఇంకొంచెం పోతుంది. కండ పోయినకొద్దీ బీపీ మరింత తేలిగ్గా పడుతుంది.

ఏం మార్చాం

మొదట మందులు. ప్రాజోసిన్ ఆపేశాం. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్ రాత్రికి మార్చాం. కార్వెడిలాల్ ఒక్కసారిగా మానకూడదు కాబట్టి సగానికి తగ్గించి, డయాలసిస్ రోజు దిగాక వేసుకోమన్నాం. ఇన్సులిన్ తగ్గించాం. ఇంట్లో 165 బీపీ ఉన్న మనిషికి బీపీ మందు ఆపుతున్నామంటే కొడుక్కి టెన్షన్ పట్టుకుంది. రెండు వారాలు రోజూ ఫోన్‌లో అంకెలు పంపాడు. మందు ఆపినందుకు బీపీ పెరగలేదు. అలాగని అందరూ ఇలా ఆపేయొచ్చని కాదు, ఆవిడకు ఆపింది మేం కళ్ళముందు పెట్టుకుని.

తర్వాత సమయం. 54ని కిందకి దించాలి, కానీ గంటకు తీసే నీరు పెంచకూడదు. దారి ఒక్కటే, ఎక్కువసేపు. షిఫ్టుల సెంటర్లో అరగంట దొరకడం అంటే యుద్ధమే, తర్వాతి పేషెంటు బయట తూకం వేసుకుని నిలబడి ఉంటాడు. చివరికి ఆవిడను మధ్యాహ్నం ఆఖరి షిఫ్టుకు మార్చాం. నాలుగున్నర గంటలు, అవసరమైతే ఐదు. ఇంటికి చేరేసరికి రాత్రవుతుంది, దానికి కుటుంబం సర్దుకుంది. డ్రై వెయిట్‌ను సెషన్‌కు రెండొందల గ్రాముల చొప్పున, బీపీ పడితే అక్కడే ఆగుతూ, దించుకుంటూ వెళ్ళాం.

డయాలసిస్ ద్రావణం వేడి 37 నుంచి 36కి తగ్గించాం. 35.5 దగ్గర ఆవిడకు వణుకు వచ్చింది, దుప్పటి కప్పినా ఒప్పుకోలేదు. 2022లో కెనడా నుంచి వచ్చిన మైటెంప్ ట్రయల్‌లో చల్లని ద్రావణం వల్ల గుండె జబ్బులూ మరణాలూ తగ్గలేదు, చలి మాత్రం ఎక్కువ మందికి వేసింది. అందుకని దీన్ని అందరికీ మంత్రంలా వాడను, మెషిన్ మీద బీపీ పడే మనిషికి, ఓర్చుకోగలిగినంత వరకూ వాడతాను. మిడోడ్రిన్ గురించి ఆలోచించి పక్కన పెట్టాం. ముందు తీసేయాల్సినవి తీయకుండా బీపీ పెంచే మందు ఎందుకు?

తిండి దగ్గరే అసలు పని పట్టింది. కిడ్నీ జబ్బు మొదట్లో ఎవరో "పప్పు, గుడ్డు, చేప ముట్టొద్దు" అన్నారు. డయాలసిస్ మొదలయ్యాక ఆ మాట తిప్పి చెప్పినవాళ్ళు లేరు. మూడేళ్ళుగా ఆవిడ తిన్నది అన్నం, చారు, నాలుగు మెతుకుల పెరుగన్నం. డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలి. ఆవిడకు అందులో సగం కూడా అందడం లేదు. రోజూ రెండు మూడు గుడ్ల తెల్లసొన, కొరమీనో మరో చేపో ఒక ముక్క, కొలత చూసి పప్పు. ముళ్ళతో నమిలే చిన్న చేపల్లోనూ, ఎండుచేపల్లోనూ ఫాస్ఫరసో ఉప్పో ఎక్కువ కాబట్టి వద్దన్నాం. ఇడ్లీ మానిపించలేదు, మొదటి అరగంటలోనే తినమన్నాం. బక్కచిక్కిన మనిషికి మెషిన్ మీద తిండి పూర్తిగా ఆపమనడం నాకు సబబుగా అనిపించదు.

ఉప్పు విషయంలో ఒక తిరకాసు ఉంది. ఉప్పు తగ్గించకుండా నీళ్ళు తగ్గించమంటే ఎవరివల్లా కాదు. అలాగని ఉప్పు మొత్తం తీసేస్తే ఆవిడ అసలు తినరు, అంతకుముందు జరిగిందీ అదే. ఆవకాయ బద్ద, మజ్జిగలో ఉప్పు, అప్పడం, ఈ మూడూ ఆపి కూరల్లో కాస్త ఉంచాం. నిమ్మరసం, చింతపండు పులుపు, మిరియాలతో నోటికి రుచి కల్పించడం కోడలే కనిపెట్టుకుంది. ఇంట్లోవాళ్ళు సైంధవ లవణం వాడుతూ అది మంచిదనుకుంటున్నారు, అందులోనూ ఉన్నది సోడియమే. ‘లో సోడియం’ అని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది, డయాలసిస్ మనిషికి అది ఇంకా ప్రమాదం.

వ్యాయామం మొదటి నెల మొదలుపెట్టలేదు. బీపీ కాస్త నిలబడ్డాక, మంచం చివర పెట్టే పెడల్ మీద మొదటి రెండు గంటల్లోనే పదేసి నిమిషాలు. ఆ తర్వాతి గంటల్లో చేయిస్తే బీపీ పడే సమయంతో కలుస్తుంది. 2023లో జర్మనీలో 917 మందితో జరిగిన ట్రయల్‌లో, డయాలసిస్ మీదే ఏడాదిపాటు వ్యాయామం చేసినవాళ్ళు కుర్చీలోంచి లేచే పరీక్షలో మెరుగయ్యారు. ఇంట్లో మాత్రం వసారాలో స్తంభం నుంచి స్తంభం దాకా నడక, గోడకు ఆనించిన కుర్చీలోంచి లేవడం. ఎక్కువ మార్పు తెచ్చింది ఇదేనని నా అనుమానం, ఎందుకంటే మనవరాలు పక్కన నిలబడి లెక్కపెట్టేది.

రెండో మలుపు

మూడు నెలలు తిరిగేసరికి డ్రై వెయిట్ 51.2. మెషిన్ ఎక్కేముందు బీపీ 146/76, ఇంట్లో 135 నుంచి 145. మధ్యలో చేరే నీరు రెండు కిలోల పైచిలుకు, గంటకు కిలోకు 10 ఎంఎల్ లోపే. బీపీ పడటం నెలకు ఒకటి రెండుసార్లకు తగ్గింది. ఊపిరితిత్తుల్లో గీతలు దాదాపు పోయాయి.

ఐదో నెలలో మళ్ళీ మొదలైంది. ఈసారి మూడో గంటలో కాదు, ఆఖరి అరగంటలో. పిక్కలు పట్టేయడం, గొంతు బొంగురుపోవడం, దిగాక కళ్ళు బైర్లు కమ్మడం. టెక్నీషియన్ ఆమ్లోడిపిన్ ఆపేద్దామా అన్నాడు. అల్ట్రాసౌండ్‌లో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. జబ్బ చుట్టుకొలత ఒక సెంటీమీటరు పెరిగింది, ఆల్బుమిన్ 3.5, క్రియాటినిన్ 6.4. ఇప్పుడు క్రియాటినిన్ పెరిగిందని కోడలు కంగారుపడితే, నేను సంతోషించాను. ఆవిడ తింటున్నారు, కండ పడుతోంది, మేం మాత్రం ఇంకా 51.2 దగ్గరే నీరు పిండుతున్నాం. అంటే ఒంట్లో ఉండాల్సిన నీరు తీస్తున్నాం. డ్రై వెయిట్ 52కి, తర్వాత 52.4కి పెంచాం. మందు ఏదీ మార్చలేదు. రెండు వారాల్లో పిక్కలు పట్టడం ఆగింది.

జ్వరం వచ్చి పది రోజులు తిండి మానినా, ఆస్పత్రిలో చేరి వచ్చినా, పండగ నెలలో బాగా తిన్నా, ఆ అంకె మళ్ళీ చూడాల్సిందే. మా దగ్గర ఇప్పుడు ఫ్రెయిల్‌గా తేలినవాళ్ళకి నెలకోసారి చూస్తున్నాం. పెద్ద పరికరాలేమీ కాదు, పిడికిలి బలం, జబ్బ చుట్టుకొలత, నిలబెట్టి బీపీ, ఇంటి బీపీ పుస్తకం, రిపోర్టులో క్రియాటినిన్ ఎటు పోతోంది. ఇవన్నీ ఒకే కాగితం మీద పక్కపక్కన రాస్తాం. విడివిడిగా చూస్తే ఒక్కొక్కటీ వేరే కథ చెబుతుంది.

ఇప్పుడు

ఎనిమిదో నెల. పిడికిలి బలం 14 కిలోలు, నాలుగు మీటర్ల నడక ఆరు సెకన్ల లోపు, కుర్చీలోంచి ఐదుసార్లు లేస్తున్నారు గానీ నెమ్మదిగా. లెక్క ప్రకారం ఇంకా ఫ్రెయిలే. చేతికర్ర వదల్లేదు, వదలమని నేనూ అనను. ఆ తర్వాత పడలేదు. డయాలసిస్ అయ్యాక తేరుకోవడానికి ఎంతసేపంటే, "రాత్రి నిద్రపోతే పొద్దున్నకి బానే ఉంటన్నానండి, ఆయ్" అంటున్నారు.

కుటుంబంతో కూర్చుని ఇంకో మాట కూడా మాట్లాడుకున్నాం. బీపీని 130కి దించడం ఇక్కడ లక్ష్యం కాదని, మెషిన్ మీద 100 కింద పడకుండా, ఇంట్లో 150 దాటకుండా ఉంటే చాలని. ఎప్పుడైనా ఒళ్ళు బాగా దిగజారితే ఏం కావాలో ఆవిడనే అడిగాం. ఐసీయూ వద్దన్నారు, కొడుకు తల దించుకున్నాడు. అది ఫైల్లో రాసి ఉంచాం, ఆరు నెలలకోసారి మళ్ళీ అడుగుతాం.

ఫైలు అట్ట మీద 54 కొట్టేసి పెన్సిల్‌తో 52.4 అని రాశారు, పక్కన తేదీ. సంక్రాంతి పిండివంటల వారం దాటాక మళ్ళీ చూడాలి.